మనిషి అడుగు వినగానే కప్ప ఎందుకు నోరు మూస్తుంది

ఒకప్పుడు మనిషి అడుగుల చప్పుడు వినపడితే కప్పలకి ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు మీరు గట్టు మీద కాలు పెట్టీ పెట్టకముందే గుంటంతా గప్‌చుప్ అయిపోతుంది కదా, అప్పట్లో అలా కాదు. అంతసేపూ మెల్లగా మాట్లాడుకుంటున్నవి కూడా గొంతు పెంచేసేవి.

"ఎవరది, ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అనేది ఒకటి.

"కుంటుతున్నావేంటి, ముల్లు గుచ్చుకుందా?" అనేది ఇంకోటి.

జవాబు చెప్పకుండా వెళ్లిపోతే మూడు మళ్ల దూరం దాకా అరుస్తూనే ఉండేవి. మనుషులూ నిలబడి చెప్పేవాళ్లు. చెప్పి, కప్పల సంగతులు కూడా అడిగేవాళ్లు. అప్పట్లో ఎవరికీ అంత తొందర పనులు ఉండేవి కావు మరి.

ఒక ఊరి పొలాల మధ్య తుంగగుంట అని ఒక గుంట ఉండేది. చుట్టూ తుంగగడ్డి, మధ్యలో కలువలు, అంచున బురద. చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. కప్పలకి మాత్రం స్వర్గం. అక్కడుండే కప్పలన్నిటిలోకీ పెద్ద గొంతు బోదురయ్యది. మామిడికాయంత ఒళ్లు, గొంతు కింద రెండు నీలం సంచులు. తొలకరి పడగానే పసుపు రాసుకున్న పెళ్లికొడుకులా పచ్చగా తయారయ్యేవాడు. అతని పెళ్లాం చెలమమ్మ. ఆవిడ తక్కువ మాట్లాడేది. ఇంట్లో ఒకరు అంత మాట్లాడితే రెండోవాళ్లకి ఛాన్సెక్కడిది?

గుంటని ఆనుకుని పైడమ్మ అనే ఆవిడకి అర ఎకరం మడి ఉండేది. రోజూ వచ్చేది. బోదురయ్యకీ ఆవిడకీ పొద్దున్నే మాటలు పడితే గానీ తెల్లారేది కాదు.

"ఏటి బోదురయ్యా, రాత్రంతా ఆ కేకలేటి? మా పిల్లకి నిద్ర లేదు."

"వాన పడింది కదక్కా. వాన పడితే నువ్వు నాగలి తీస్తావు, నేను గొంతు తీస్తాను. ఎవరి వ్యవసాయం వాళ్లది."

"నీ వ్యవసాయం బాగుంది. నోటితోనే అయిపోద్ది."

"అవును, నోటితోనే. నిన్న సాయంత్రం నీ మడిలో నేనూ మావాళ్లూ తిన్న పురుగుల్ని నువ్వు చేత్తో ఏరాలంటే సంక్రాంతి దాకా ఏరాలి."

పైడమ్మ నవ్వేసి కొంగు దోపుకుని మడిలోకి దిగేది. ఆ మాట అబద్ధం కాదని ఆవిడకి తెలుసు. పొద్దు వాలగానే కప్పలన్నీ గుంటలోంచి లేచి మళ్లలోకి వెళ్లేవి. దోమలు, రెక్కల పురుగులు, వరి మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ, ఏది దొరికితే అది. ఎవరూ పిలవక్కర్లేదు, బొట్టు పెట్టక్కర్లేదు.

అలా ఉండగా ఒక ఏడాది చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దోమపోటు, అదే ఆ సుడిదోమ తెగులు, వచ్చింది. పచ్చటి చేలు గుండ్రంగా గుండ్రంగా మాడిపోయాయి, ఎవరో పెనం పెట్టి కాల్చినట్టు. ఈ ఊరి చేలకి మాత్రం ఏమీ కాలేదు. పంట ఇంటికొచ్చింది.

ఎందుకొచ్చిందో తేల్చడానికి ఊళ్లో పెద్దలు కూర్చున్నారు. విత్తనం మంచిదన్నారు ఒకరు. నేల మంచిదన్నారు ఇంకొకరు. మన మంచితనం అన్నారు మూడోవారు, అందరూ తలూపారు. వెనకనుంచి పైడమ్మ అంది కదా, "కప్పలు తినేశాయి బాబు."

ఆ మాట గవిరినాయుడు చెవిన పడింది.

గవిరినాయుడు ఆ ఊరికి పెద్ద. మంచివాడు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే కాసేపాగితే మీకు అనుమానం వస్తుంది. ఆయనకున్నది ఒకటే జబ్బు, సన్మానం. చేయించుకోవడమైనా సరే, చెయ్యడమైనా సరే. గేదె ఈనితే గేదెకి సన్మానం. ఆలస్యంగా ఈనితే ఓపిక పట్టినందుకు గేదె యజమానికి సన్మానం. ఆయన ఇంట్లో బీరువా తలుపు తీస్తే శాలువాలు మీద పడేవి. ఆ రోజుల్లోనే బీరువాలు, మైకులు ఉండేవా అని నన్ను అడక్కండి. సన్మానాలున్న చోట అవీ ఉంటాయి.

కొంతకాలానికి మళ్లీ వానలు పడ్డాయి. కప్పలు తుంగ మొదళ్లలో గుడ్లు పెట్టాయి. గుడ్లు పగిలి గుంటంతా తోకపిల్లలు అయ్యాయి. నల్లగా, బొట్టుబిళ్లకి తోక పెట్టినట్టు ఉంటాయే, అవి. బోదురయ్యకీ చెలమమ్మకీ వెయ్యి పైన ఉన్నారు పిల్లలు. ఒక్కొక్కళ్లకీ వెనక కాళ్లు కూడా వచ్చాయి.

అప్పుడొచ్చాడు గవిరినాయుడు గుంట దగ్గరికి, వెనక పదిమందిని వేసుకుని.

"రండి రండి నాయుడుగారూ, ఎండలో వచ్చారు," అని గట్టిగా పలకరించాడు బోదురయ్య.

"బోదురయ్యగారూ, మీరు ఊరి పంట కాపాడారు. మీకు ఘనంగా సన్మానం చెయ్యాలని తీర్మానించాం. మీకేం కావాలో సెలవివ్వండి."

బోదురయ్య ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఏమీ వద్దండి," అన్నాడు. "గుంటని గుంటలాగే ఉండనిస్తే చాలు."

గవిరినాయుడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరిగి, "చూశారా ఎంత మొహమాటమో," అన్నాడు.

ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. భోజనాల దగ్గర ఎవరైనా వద్దంటే రెండు గరిటెలు ఎక్కువ వేస్తారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేస్తారు. వద్దన్నవాడు మొహమాటపడుతున్నట్టు, వేసినవాడు మర్యాద చేసినట్టు. వద్దన్న మాట విని నిజంగా ఊరుకున్నవాణ్ణి పదేళ్లు చెప్పుకుంటారు, పిసినారి అని. కప్పలకి ఈ మర్యాద తెలీదు. కప్ప వద్దంటే వద్దనే.

మర్నాడు కూలీలు దిగారు. తుంగంతా పీకేశారు, కలువలు లాగేశారు.

"వద్దయ్యా, వద్దు," అని అరిచాడు బోదురయ్య. "పిల్లలు దాక్కునేది అందులోనే. ఇంకా పగలని గుడ్లున్నాయి వాటికి అంటుకుని."

"అబ్బెబ్బే, మీకోసం ఈ మాత్రం చెయ్యకపోతే ఎలాగండీ," అన్నాడు గవిరినాయుడు. "అతిథులొచ్చి చూస్తే ఇంత గడ్డిలోనా మీరుండేది అని మమ్మల్ని అనరూ?"

ఆ మర్నాడు తాపీవాళ్లొచ్చారు. గుంట చుట్టూ నిలువుగా గోడ కట్టి, అద్దంలా నునుపు చేశారు. బురదలో ఉండటం ముఖ్య అతిథికి నామోషీ కదా. బోదురయ్య వద్దు వద్దని గోడ చుట్టూ గెంతాడు. వద్దన్న ప్రతిసారీ గోడ ఇంకో వరస లేచింది.

ఆపైన గవిరినాయుడు బావమరిది పక్క ఊరినుంచి కుండలో ఎర్ర చేపలు తెచ్చి వదిలాడు. "ఒంటరిగా ఏముంటారు, తోడుంటారని," అన్నాడు. చేపలు దిగీ దిగగానే తోకపిల్లల్ని పలకరించాయి. ఒక్కో పలకరింపుకి ఒక్కో పిల్ల కనపడకుండా పోయింది. కలువాకుల్లేవు, తుంగ లేదు, ఎక్కడ దాక్కుంటారు?

ఆ సాయంత్రం చెలమమ్మ నోరు విప్పింది. "ఇదిగో, మిగిలిన వాళ్లకి రేపో ఎల్లుండో ముందు కాళ్లు వస్తాయి."

బోదురయ్య గబుక్కున గోడ కేసి చూశాడు. ఎందుకో మీకు చెప్పాలి. తోకపిల్ల నీళ్లలో చేపలా ఊపిరి పీలుస్తుంది. ముందు కాళ్లొచ్చే నాటికి అది మారిపోతుంది. మనలాగే గాలి పీల్చాలి. అందుకని ఆ రోజు గట్టెక్కాలి. మెల్లగా, బురద మీద పాకుతూ ఎక్కాలి. గోడ నిలువుగా ఉంటే ఎక్కలేదు. నీళ్లలో పుట్టిన పిల్లే నీళ్లలో మునిగిపోతుంది.

"రేపు సన్మానసభకి వెళ్లు," అంది చెలమమ్మ. "మైకులో చెప్తే వింటారట కదా ఊళ్లో. నీ గొంతుకి మైకు కూడా అక్కర్లేదు. గోడ ఒక్క మూల తియ్యమని చెప్పు. చాలు."

మర్నాడు మధ్యాహ్నం సన్నాయి మేళంతో వచ్చి బోదురయ్యని ఇత్తడి పళ్లెంలో తీసుకెళ్లారు. సభ దగ్గర అతిథులకి దోమలు కుట్టకూడదని ముందే చుట్టూ మందు కొట్టించారు. పురుగుల్ని తిన్నందుకు సన్మానం కదా, ఆ సన్మానానికి వచ్చేవాళ్లకి ఇబ్బంది లేకుండా పురుగులన్నిటినీ చంపేశారు. బోదురయ్యకి రాత్రి భోజనం అక్కడితో సరి.

వెల్వెట్ కుర్చీలో కూర్చోబెట్టారు. మెళ్లో బంతిపూల దండ వేశారు, దండ మధ్యలో బోదురయ్య ఎక్కడున్నాడో ఎవరికీ కనపడలేదు. ఒంటికి గంధం రాశారు, అత్తరు చల్లారు. దాని మీద జరీ శాలువా చుట్టారు.

కప్ప నోటితో నీళ్లు తాగదు, తెలుసా? ఒంటితో తాగుతుంది. కప్పకి ఒళ్లంతా నోరే. ఒంటికి ఏది రాస్తే అది మింగినట్టే. అంటే బోదురయ్య ఇప్పుడు గుక్కెడు అత్తరు, గుప్పెడు గంధం మింగి కూర్చున్నాడు. శాలువా ఒంట్లో ఉన్న తడి కాస్తా పీల్చేసింది.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. మొదటాయన గవిరినాయుడి గురించి మాట్లాడాడు. రెండో ఆయన వాళ్ల తాతగారి గురించి మాట్లాడాడు. మూడో ఆయన సమయం లేదని అరగంట మాట్లాడాడు. బోదురయ్య ముందు బల్ల మీద మూత పెట్టిన గ్లాసులో నీళ్లు పెట్టారు. ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు. కాళ్లు బిగుసుకుపోతున్నాయి, గుంటలో పిల్లలు కళ్లముందు తిరుగుతున్నారు.

చివరికి మైకు దగ్గరికొచ్చింది. "రెండు ముక్కలు మాట్లాడండి," అన్నాడు గవిరినాయుడు.

మూడు ఊళ్లకి వినపడే గొంతు. ఆ రోజు లేవలేదు. ఎండిపోయిన గొంతు సంచుల్లోంచి గాలి మాత్రం వచ్చింది. "నీళ్లు," అన్నాడు. కాసేపాగి, "పిల్లలు," అన్నాడు. ఇంకాసేపాగి, "గోడ," అన్నాడు.

గవిరినాయుడు మైకు అందుకున్నాడు. "నీళ్లు శుభ్రం చేసినందుకు, పిల్లలకి తోడుగా చేపలిచ్చినందుకు, గోడ కట్టించినందుకు మనందరికీ కృతజ్ఞతలు చెప్పారు."

జనం చప్పట్లు కొట్టారు.

పులిహోర కోసం వెనక వరసలో కూర్చున్న పైడమ్మ మాత్రం కొట్టలేదు. ఆవిడకి బోదురయ్య గొంతు తెలుసు. లేచి తిన్నగా వేదిక ఎక్కి, శాలువా, దండ తీసి అవతల పెట్టి, బోదురయ్యని రెండు చేతుల్లోకి తీసుకుని పక్కనే ఉన్న బకెట్లో ముంచింది.

"ఏమే పైడమ్మా, మతిపోయిందా? ముఖ్య అతిథిని చేతులు కడుక్కునే బకెట్లో ముంచుతావా?" అన్నాడు గవిరినాయుడు.

"నీళ్లు కదా బాబు. మీ గ్లాసులో పట్టడు."

"సన్మానపత్రం చదవాలి ఇంకా."

"చదువుకోండి. ఈయన ఉంటేనే చదవాలని ఏటుంది, ఇందాకట్నుంచీ ఈయన గురించి ఎవులూ మాట్లాడనేదు," అని బకెట్టు చంకన పెట్టుకుని దిగిపోయింది.

సభ ఆగలేదు. పత్రం కుర్చీకి చదివి వినిపించారు.

దారిలో బోదురయ్యకి ప్రాణం వచ్చింది. వస్తూనే, "అక్కా, పిల్లలు," అన్నాడు. పైడమ్మ నడక పరుగైంది.

గుంట దగ్గరికి వెళ్లేసరికి పొద్దు ఇంకా కొంచెం ఉంది. గోడ లోపలివైపు చుట్టూ చిన్నచిన్న పిల్లలు, నాలుగు కాళ్లూ వచ్చినవి, తోక ఇంకా పోనివి. గోడకి అతుక్కుంటున్నాయి, జారిపోతున్నాయి. మళ్లీ అతుక్కుంటున్నాయి. కొన్ని ఇక అతుక్కోవడం మానేశాయి. చెలమమ్మ నీళ్లలో ఈదుతూ తన వీపు మీద పట్టినన్నిటిని ఎక్కించుకుని తేలుతోంది.

తాపీవాళ్లు వదిలేసిన గునపం అక్కడే ఉంది. పైడమ్మ ఒక మూల గోడని పొడిచింది. సున్నం ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి కూలింది. పీకి పోగేసిన తుంగ దుబ్బుల్ని మట్టితో సహా లాక్కొచ్చి, గుంటలోకి ఏటవాలుగా వేసి కాలితో తొక్కింది. ఒళ్లంతా బురద. బోదురయ్య నీళ్లలోకి దూకి ఆ మూలనుంచి పిలవడం మొదలెట్టాడు. గొంతు పూర్తిగా రాలేదు, వచ్చినంత పిలిచాడు.

ఒక పిల్ల పాకి పైకొచ్చింది. బురద మీద బోర్లా పడుకుని, జీవితంలో మొదటిసారి గాలి పీల్చింది. దాని వెనకే ఇంకోటి. ఇంకో నాలుగు.

చెలమమ్మ లెక్కపెట్టబోయి మధ్యలో మానేసింది.

మర్నాడు పొద్దున్నే గట్టు మీద చెప్పుల చప్పుడు. గవిరినాయుడు, ఆయన వెనక మేళం. ఆయన చేతిలో జేబురుమాలంత చిన్న శాలువాల కట్ట. "పిల్లలకి కూడా చేసేద్దాం పాపం, నిన్న వాళ్లని మర్చిపోయాం," అంటున్నాడు.

బోదురయ్యకి అలవాటు కదా, "రండి రండి నాయుడుగారూ" అనడానికి నోరు తెరిచాడు. పక్కన తుంగ దుబ్బు మీద గోరంత పిల్ల కూర్చుని ఉంది, నిన్న పాకి వచ్చిందే. దాన్ని చూశాడు. నోరు మూశాడు. చెలమమ్మ మూసింది. పక్కవాడు మూశాడు. గుంట ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎవరో దుప్పటి లాగినట్టు మాట ఆగిపోయింది.

"ఎవరూ లేరేంటి?" అన్నాడు గవిరినాయుడు. అటూ ఇటూ చూశాడు. "ఊరెళ్లినట్టున్నారు. పోనీ వానపాములకి చేద్దామా?"

చప్పుడు దూరమయ్యాక బోదురయ్య మెల్లగా అన్నాడు, "ఇది బాగుంది." ఆ కబురు గుంటనుంచి గుంటకి, మడినుంచి మడికి, ఏరు దాటి అవతలి ఊళ్లకి కూడా వెళ్లింది.

దసరా దాటింది. ఈసారి ఈ ఊరికీ దోమపోటు వచ్చింది. గవిరినాయుడి చేలు గుండ్రంగా మాడిపోయాయి. మందు కొట్టించాడు, పురుగు నాలుగు రోజులు పోయి రెండింతలై వచ్చింది. పురుగుని తినే సాలీళ్లు, కప్పలు మాత్రం ఆ మందుకి పోయి మళ్లీ రాలేదు. ఊరంతా చూస్తుండగానే ఎండిపోతోంది. తుంగగుంట పక్కన పైడమ్మ అర ఎకరం మాత్రం చిలకపచ్చగా ఉంది.

ఆ కబురు తెలిసి గవిరినాయుడు ఒక సాయంత్రం ఒక్కడే బయల్దేరాడు. చంకలో శాలువా ఉంది, పైడమ్మకి.

అప్పుడే వాన వెలిసింది. పైడమ్మ మడి గట్టున కూర్చుని బోదురయ్యతో ఏదో చెప్పి నవ్వుతోంది. చెప్పుల చప్పుడైంది. బోదురయ్య ఆగిపోయాడు, గుంట ఆగిపోయింది. పైడమ్మ కూడా ఆయన చంకలో శాలువా చూసి భయపడి, టక్కున నోరు మూసుకుని తుంగలో కూర్చుండిపోయింది.

గవిరినాయుడు కూలిన గోడ మూల దగ్గరికొచ్చి అడుగేశాడు. మోకాలి దాకా దిగబడింది. రెండో కాలు పెట్టి మొదటిది లాగబోయాడు, రెండోదీ దిగబడింది. శాలువా నీళ్లలో పడింది.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఎవరూ పలకలేదు. కాసేపు ఉపన్యాసం ధోరణిలో ఊరి ఐక్యత గురించి మాట్లాడాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇక చేసేదేమీ లేక ఊరుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఊరుకోవడం అదే మొదటిసారి.

చాలాసేపైంది. ముందు ఒక ముసలి కప్ప గొంతు సవరించుకుంది. ఇంకోటి అందుకుంది. కాసేపటికి ఆయన చుట్టూ గుంటంతా మాట్లాడుకుంటోంది. గోరంత పిల్లకప్ప ఒకటి ఎగిరి ఆయన పంచె మీద వాలింది. అక్కడ పాకుతున్న సుడిదోమని నాలుకతో టక్కున అందుకుని, ఆయన మొహం కేసి ఒకసారి చూసి, వెళ్లిపోయింది.

బోదురయ్య నీళ్లలోంచి కళ్లు మాత్రం పైకి పెట్టి చూస్తున్నాడు. నాయుడు కదల్లేదు. ఇప్పుడు బురద వల్ల కాదు.

"పైడమ్మా," అన్నాడు చాలా మెల్లగా. "ఉన్నావా?"

"ఉన్నాను బాబు."

"నీ మడికి ఏం చేశావే?"

"ఏటీ చెయ్యనేదు. గట్టు పక్క తుంగ కొయ్యనేదు. నీళ్ల పక్కన మందు కొట్టనేదు. ఆళ్లు వద్దన్న పని మానేసినాను."

"అంతేనా?"

"అంతే. కానీ కష్టం బాబు. ఊరుకోడం మీకు అలవాటు లేదు కదా."

గవిరినాయుడు బురదలోంచి మెల్లగా కాళ్లు లాక్కుని ఇంటికెళ్లాడు. మర్నాడు మనుషుల్ని తెచ్చి మిగిలిన గోడ కూడా తీయించాడు. ఎర్ర చేపల్ని కుండలో పెట్టి బావమరిదికి పంపించేశాడు, ఆ బావమరిది వద్దు వద్దంటున్నా సరే. తుంగ దానంతటదే వచ్చింది. పై ఏడాది తోకపిల్లలూ వచ్చాయి. అంతా అయ్యాక గుంట దగ్గరికొచ్చి, "ఇంక మాట్లాడొచ్చు కదా బోదురయ్యగారూ," అన్నాడు.

బోదురయ్యకి మాట్లాడాలనే ఉంది. మంచివాడే అని కూడా తెలుసు. కానీ పిల్లలున్నవాడు, ఎంత మంచివాడు చేసిన పనైనా మర్చిపోలేడు. నాయుడు పూర్తిగా కదలకుండా నిలబడేదాకా ఆగాడు, అప్పుడు పలికాడు.

అప్పటినుంచే మనిషి అడుగు వినపడగానే కప్పలు, ఏ గుంటలో ఉన్నా, ఏ మడిలో ఉన్నా, చటుక్కున నోరు మూసేస్తాయి. వచ్చినవాడు ఏం మేలు చెయ్యడానికొచ్చాడో చూస్తాయి. మీరేమీ చెయ్యకుండా, చేతులు కట్టుకుని, ఒక్కచోట నిలబడగలిగితే, కాసేపటికి చీకట్లోంచి ఒకటి మొదలెడుతుంది.